తనవాళ్ళు దొరికాకే తాను

డొనాల్డ్ ట్రిప్లెట్ 2023 జూన్‌లో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో కన్నుమూశారు. లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు 1943లో పదకొండుమంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలో అడుగుపెట్టింది. ఆ వ్యాసంలో మొదటి పిల్లవాడు ఈయనే. మూడేళ్ళప్పుడు డాక్టర్లు చెప్పారని తల్లిదండ్రులు ఆయన్ని ఒక సంస్థలో వదిలేశారు. దాదాపు ఏడాది తర్వాత మనసొప్పక వెనక్కి తెచ్చుకున్నారు. ఆయన పెద్దయ్యాక డిగ్రీ పూర్తి చేశారు, సొంత ఊళ్ళో బ్యాంకులో పనిచేశారు, గోల్ఫ్ ఆడారు, ఒక్కరే విమానాలెక్కి ఎన్నో దేశాలు చూసొచ్చారు. కనబడ్డ మనిషికల్లా ఒక అంకె కేటాయించేవారు. తమకిచ్చిన అంకెను ఊరివాళ్ళు ఏళ్ళ తర్వాత కూడా గుర్తుపెట్టుకున్నారు. 2010 ప్రాంతంలో జాన్ డాన్వన్, కేరెన్ జకర్ అనే ఇద్దరు పాత్రికేయులు ఆయన కథ రాయడానికి వెళితే, ఆయన మనసు నొప్పించేలా ఏమైనా చేశారో మిమ్మల్ని వదిలిపెట్టబోమని ఊరి జనం ముందే హెచ్చరించారు.

ఈ కథలో చేదు నిజం కూడా ఉంది. ఆ బ్యాంకులో ఆయన కుటుంబానికి వాటా ఉంది. వాళ్ళు తెల్లవాళ్ళు, డబ్బున్నవాళ్ళు. అదే ఊళ్ళో, అదే కాలంలో, అదే తీరుతో పుట్టిన నల్లజాతి పిల్లవాడికి ఆ ఆదరణ దొరికి ఉండేదని నేననుకోను. అయినా ఇక్కడ గమనించాల్సిన వరస ఒకటుంది. ముందు ఆయన చుట్టూ మనుషులు నిలబడ్డారు, ఆయన బతుకు ఆ తర్వాత విప్పారింది. ఇప్పుడు పెద్దవయసులో తమకు ఆటిజమో, శ్రద్ధ నిలవనివ్వని ఏడీహెచ్‌డీయో, చదవడం, రాయడం కష్టం చేసే డిస్లెక్సియానో ఉందని తెలుసుకుంటున్నవాళ్ళకు మనం ఇచ్చే సలహా దీనికి సరిగ్గా తలకిందులు. ముందు నిన్ను నువ్వు ఒప్పుకో, నిన్ను నువ్వు ప్రేమించుకో, లోకం తర్వాత దానంతటదే మారుతుంది అంటాం. ముప్పై ఏళ్ళ ఉద్యమ చరిత్రను, పదిహేనేళ్ళ పరిశోధనను కలిపి చదివితే నాకు మాత్రం ఈ సలహా అన్యాయంగా కనిపిస్తోంది. ఏ మనిషీ ఒంటరిగా చేయలేని పనిని ఆ ఒక్క మనిషి నెత్తినే పెడుతోంది. ఈ వ్యాసంలో ఆటిజం ప్రస్తావన ఎక్కువగా ఉంటుంది. న్యూరోడైవర్జెంట్ అని ఇప్పుడు కలిపి పిలుస్తున్న అన్ని తీరుల్లోనూ ఉద్యమం ముందు పుట్టిందీ, పరిశోధన ఎక్కువ జరిగిందీ అక్కడే.

ఆటిజం చుట్టూ మొదట ఏర్పడిన సమూహం తల్లిదండ్రులది. దానికి బలమైన కారణముంది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారన్న వాదం ఇరవై ఏళ్ళకు పైగా రాజ్యమేలింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో పుస్తకం రాసి మరీ దాన్ని జనంలోకి తీసుకెళ్ళాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రీ, మనస్తత్వ శాస్త్రవేత్తా అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అది మెదడుకు సంబంధించిన విషయమని వాదించారు. నేరం మోస్తున్న తల్లులు ఒకరినొకరు కలుసుకున్నాకే తలెత్తుకోగలిగారు. మన దేశంలో మెర్రీ బారువా 1991లో ఢిల్లీలో మొదలుపెట్టిన యాక్షన్ ఫర్ ఆటిజం కూడా ఒక తల్లి పడిన వేదన నుంచే పుట్టింది. ఈ సమూహాలు చేసిన మేలు చాలా పెద్దది. కాకపోతే ఆ సభల్లో మాట్లాడేది డాక్టర్లూ, తల్లిదండ్రులూ. ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్ళు వస్తే వేదిక మీద ఒక ఉదాహరణగా కూర్చోవాల్సిందే.

ఆ వేదిక మీదికి 1993లో, టొరంటోలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో, ఆటిస్టిక్ అయిన జిమ్ సింక్లెయిర్ ఎక్కి తల్లిదండ్రులతో నేరుగా మాట్లాడారు. మీరు కోరుకున్న బిడ్డ రాలేదని మీకు దుఃఖం ఉంటుంది, అది సహజమే, కానీ ఆ దుఃఖాన్ని ఎదురుగా ఉన్న మా మీద కుమ్మరించకండి అన్నది ఆ ప్రసంగం సారాంశం. దానికి ఏడాది ముందు సింక్లెయిర్, డోనా విలియమ్స్, మరికొందరు కలిసి ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ మొదలుపెట్టారు. 1996 నుంచి ఆటిస్టిక్ మనుషులు తమకోసం తామే నడుపుకునే వార్షిక శిబిరం 'ఆట్రీట్' జరిగింది. ఆ శిబిరం పద్ధతులు నన్ను ఎంతగానో ఆకట్టుకుంటాయి. మెడలో రంగు బిళ్ళ వేసుకునేవారు. ఎరుపు ఉంటే ఎవరూ పలకరించకూడదు, పసుపు ఉంటే ముందే పరిచయమున్నవాళ్ళు మాత్రం పలకరించవచ్చు, ఆకుపచ్చ ఉంటే మాట్లాడాలని ఉంది, మొదలుపెట్టడం నాకు రాదు, మీరే రండి అని అర్థం. ఏ కార్యక్రమానికైనా రావచ్చు, రాకపోవచ్చు, మధ్యలో లేచి వెళ్ళవచ్చు. అవకాశం ఉండాలి, బలవంతం ఉండకూడదన్నది వాళ్ళ సూత్రం. కలిసి ఉండటమంటే నలుగురిలో నవ్వుతూ మాట్లాడటమే అనుకునే లోకంలో, ఒకే గదిలో మౌనంగా ఎవరి పని వారు చేసుకోవడం కూడా కలిసి ఉండటమేనని వాళ్ళు ఆచరణలో చూపించారు.

మెదళ్ళ తీరుల్లో తేడాలు సహజ వైవిధ్యమేనని చెప్పే న్యూరోడైవర్సిటీ ఆలోచన కూడా తొంభైలలో ఇలాంటి సంభాషణల్లోంచే వచ్చింది. 1998లో ఆస్ట్రేలియా సామాజిక శాస్త్ర విద్యార్థిని జూడీ సింగర్ పరిశోధన పత్రంలోనూ, హార్వీ బ్లూమ్ పత్రికా వ్యాసంలోనూ ఆ మాట కనిపిస్తుంది. చాలాకాలం ఘనత అంతా సింగర్‌కే దక్కింది. 2024లో మోనిక్ బోతా, మరికొందరు పరిశోధకులు అది ఒక్కరి ఆలోచన కాదనీ, ఆటిస్టిక్ సమూహం ఉమ్మడిగా పండించుకున్నదనీ ఆధారాలతో రాశారు. ఆ సవరణ నాకు చాలా న్యాయంగా అనిపించింది. తమ గురించి తామే ఒక భాష కట్టుకోవడం ఏ ఒక్కరికీ సాధ్యమయ్యే పని కాదు.

ఇక పెద్దవయసులో తెలుసుకుంటున్నవాళ్ళ సంగతి. వీళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు? ఉన్నచోటే ఉన్నారు, లెక్కలోకి రాలేదంతే. లోర్నా వింగ్ 1981లో ఆస్పర్గర్ పేరును వెలికితీసేదాకా మాటలు చక్కగా వచ్చి చదువులో రాణించినవాళ్ళను ఎవరూ ఆటిజం వైపు నుంచి చూడలేదు. ఆ ఆస్పర్గర్ అనే డాక్టరు నాజీ పాలనలో వియన్నాలో పిల్లలను చావుకు పంపిన కేంద్రానికి సహకరించాడని 2018లో బయటపడ్డాక చాలామంది ఆ పేరే వద్దనుకున్నారు. అంతకుముందే, 2013లో, అమెరికన్ మనోవైద్యుల ప్రామాణిక గ్రంథం కొత్త కూర్పు ఆ పేరును తీసేసి అన్నిటినీ ఒకే ఆటిజం స్పెక్ట్రమ్ కిందికి చేర్చింది. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని ఒప్పుకున్నది కూడా అప్పుడే. ఏడీహెచ్‌డీ లక్షణాలు ఏడేళ్ళలోపే కనబడాలన్న షరతును పన్నెండేళ్ళకు సడలించింది, పెద్దవాళ్ళకు కావలసిన లక్షణాల సంఖ్యను ఆరు నుంచి ఐదుకు తగ్గించింది. ఇలా గడప కాస్త తగ్గేసరికి ఒక తరమంతా లోపలికొచ్చింది. 2015లో మెంగ్-చువాన్ లై, సైమన్ బారన్-కోహెన్ వీరిని 'కోల్పోయిన తరం' అన్నారు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది, ఎందుకంటే పరిశోధన మొదటినుంచీ మగపిల్లలను చూసి కొలతలు గీసుకుంది.

మన ప్రేక్షకులకు 'పుష్ప'లో పోలీసు అధికారిగా తెలిసిన ఫహద్ ఫాజిల్ 2024లో కేరళలో ఒక సభలో తనకు నలభై ఒకటో ఏట ఏడీహెచ్‌డీ అని తేలిందని చెప్పారు. ఆ వయసులో తేలడం అరుదేమీ కాదు. చాలామంది తమ పిల్లవాడికి పరీక్షలు చేయిస్తూ, డాక్టరు అడిగే ఒక్కో ప్రశ్నకూ, ఇది నా చిన్నతనమే కదా అని ఉలిక్కిపడి తమను తాము గుర్తుపడతారు. అప్పుడు ముందొచ్చేది ఊరట. ఆ వెనకే దుఃఖం వస్తుంది. తెలివుంది గానీ శ్రద్ధ లేదని ప్రోగ్రెస్ కార్డులో రాసిన టీచరు, బద్ధకస్తుడని తిట్టిన నాన్న, పెళ్ళిళ్ళలో మూలన కూర్చుంటే పొగరు అన్న మేనత్త, అందరూ ఒక్కసారిగా గుర్తొస్తారు. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరినీ అనలేరు. ఈ దుఃఖాన్ని తీరిగ్గా చెప్పుకోవడానికి అదే దారిలో నడిచినవాళ్ళు కావాలి. ఇంట్లోవాళ్ళకు చెబితే, ఇన్నేళ్ళు బాగానే ఉన్నావుగా, ఇప్పుడేం పుట్టిందంటారు.

బాగానే ఉన్నట్టు కనిపించడానికి ఏం ఖర్చయిందన్నది పరిశోధన ఈ పదేళ్ళలో బయటపెట్టిన అతి ముఖ్యమైన విషయం. లారా హల్, ఆమె సహచరులు 2017లో ఆటిస్టిక్ పెద్దవాళ్ళను అడిగి తెలుసుకున్నది ఇది. వాళ్ళు ఎదుటివారి కళ్ళలోకి చూడటాన్ని సాధన చేస్తారు, మాటలు ముందే వల్లె వేసుకుని వెళతారు, చేతులు ఆడించాలన్న కోరికను బిగబడతారు. నలుగురిలో కలవడానికి, ఉద్యోగం నిలుపుకోవడానికి అలా చేస్తారు. ఇంటికొచ్చాక లేవలేనంత అలసట. నటిస్తూ నటిస్తూ అసలు నేనెవరన్నది తెలియకుండా పోయిందని చెప్పినవాళ్ళున్నారు. 2018లో సారా కాసిడీ బృందం ఈ నటనకూ ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం ఉందని చూపించింది. 2020లో డోరా రేమేకర్ బృందం ఆటిస్టిక్ బర్నౌట్ గురించి రాసింది. అది మామూలు పని అలసట లాంటిది కాదు. నెలల తరబడి సాగుతుంది, అంతకుముందు వచ్చిన పనులు కూడా చేతకాకుండా పోతాయి, చప్పుడూ వెలుతురూ భరించలేనివవుతాయి. నిన్ను నువ్వు ఒప్పుకో అన్న సలహా ఇక్కడే విరిగిపోతుంది. రోజుకు పది గంటలు తన రూపు దాచుకుంటేనే జీతం వచ్చే మనిషి రాత్రి ఇంట్లో అద్దం ముందు నిలబడి ఎవరిని ఒప్పుకోవాలి?

లోపం ఎటువైపుందన్న ప్రశ్న కూడా తారుమారైంది. ఆటిస్టిక్ మనుషులకు ఎదుటివారి మనసు అర్థం కాదన్నది పాత సిద్ధాంతం. తానూ ఆటిస్టిక్ అయిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో దానికి జవాబిచ్చారు. అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంది, తప్పు మాత్రం ఒకవైపే రాస్తున్నారన్నారు. నోవా సాసన్ బృందం 2017లో చేసిన ప్రయోగాలు ఈ మాటకు బలమిచ్చాయి. ఆటిస్టిక్ పెద్దవాళ్ళను క్షణాలపాటు వీడియోలో చూసినవాళ్ళు, గొంతు మాత్రం విన్నవాళ్ళు, వీళ్ళతో స్నేహం చేయాలని లేదని తేల్చేశారు. అవే మాటలను కాగితం మీద రాసిచ్చి చదవమంటే ఆ చిన్నచూపు మాయమైంది. అంటే మనుషులు తిరస్కరిస్తున్నది వాళ్ళు చెప్పేదాన్ని కాదు. గొంతు తీరునూ, కదలికనూ చూసి ముందే తలుపు మూసేస్తున్నారు. ఇది చదివినప్పుడు నాకు ఇంటర్వ్యూ గదులు, పెళ్ళిచూపులు కళ్ళముందు కదిలాయి.

కేథరిన్ క్రాంప్టన్ 2020లో మరో అడుగు ముందుకేశారు. ఎనిమిదేసిమంది వరసగా కూర్చుని ఒకరి నుంచి ఒకరికి ఒక కథ అందించాలి. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలోనూ, ఎవరూ కానివాళ్ళ వరసలోనూ కథ దాదాపు ఒకేలా నిలిచింది. రెండు రకాలవాళ్ళనూ కలిపిన వరసలో మాత్రం ఎక్కువగా జారిపోయింది. ఈ ఫలితం ఎంతోమందికి కొండంత ధైర్యమిచ్చింది. అయితే అదే పరిశోధకురాలు ఇంకా పెద్ద సంఖ్యలో మనుషులతో మళ్ళీ చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో మూడు రకాల వరసలూ సమాచారం అందించడంలో సమానంగానే ఉన్నాయని తేలింది. కొందరు దీన్ని మిల్టన్ సిద్ధాంతానికి తగిలిన దెబ్బగా చూశారు. నాకలా అనిపించలేదు. కలగలిసిన గుంపులో కూడా మాట పోకుండా నిలబడగలదన్నది మంచి వార్తే. మనవాళ్ళ మధ్య ఉండటంలో ఉన్న మేలు కథ పోగొట్టుకోకపోవడం కన్నా వేరే చోట ఉంది. క్రాంప్టన్ ఇంటర్వ్యూలలో ఆటిస్టిక్ పెద్దవాళ్ళు చెప్పింది అదే. తమలాంటివాళ్ళతో ఉన్నప్పుడు శ్రమ తగ్గుతుంది, సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇలా దొరికిన చోటు మనసును నిజంగా మారుస్తుందా? కేట్ కూపర్ బృందం 2017లో, తమ సమూహాన్ని గౌరవంగా చూసుకునే ఆటిస్టిక్ మనుషుల్లో ఆత్మగౌరవం ఎక్కువగా, ఆందోళన, కుంగుబాటు తక్కువగా ఉన్నాయని చూపించింది. ఐలీ కేజ్ బృందం 2018లో, ఇతరులు తమను ఒప్పుకోవడం లేదని భావించినవారిలో కుంగుబాటూ ఒత్తిడీ ఎక్కువని రాసింది. బోతా, ఫ్రాస్ట్ 2020లో, అల్పసంఖ్యాకుల మీద సమాజం మోపే ఒత్తిడి సిద్ధాంతాన్ని ఆటిజానికి అన్వయించి, వాళ్ళ మానసిక బాధలో పెద్ద భాగం ఆ చిన్నచూపు నుంచే వస్తోందన్నారు. ఈ అధ్యయనాలకు ఒక పెద్ద లోపముంది. ఎక్కువ భాగం ఒకేసారి జరిపిన సర్వేలు కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో గట్టిగా చెప్పలేం. కాస్త కోలుకున్నవాళ్ళే సమూహాలకు వెళ్ళగలుగుతున్నారేమో కూడా. పైగా జవాబులిచ్చినవారిలో అధికులు ఇంగ్లీషు మాట్లాడే, చదువుకున్న, తెల్లజాతి వాళ్ళు. అయినా వేరువేరు బృందాలు వేరువేరు కొలతలతో చూసినా అన్నీ ఒకే దిక్కు చూపడం నాకు తేలిగ్గా కొట్టిపారేయదగినదిగా కనిపించదు.

ఉద్యమం మీద వచ్చిన విమర్శల్లో ఒకటి చాలా బరువైనది. మాట్లాడగలిగినవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు ఇది వైవిధ్యమే అంటుంటే, మాటలు రాని, రోజంతా కనిపెట్టుకుని ఉండాల్సిన పిల్లల తల్లిదండ్రులు మా సంగతేమిటని అడుగుతున్నారు. 2021లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ అలాంటివారికి ప్రత్యేకంగా ఒక వర్గం పేరు సూచించింది. ఆ తల్లుల అలసటను ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ వాళ్ళకు కావలసిన డే సెంటర్లు, విరామమిచ్చే మనుషులు, డబ్బు ఏవీ వైవిధ్యం అన్నవాళ్ళ వల్ల ఆగిపోలేదు. ప్రభుత్వాలు ఇవ్వక ఆగిపోయాయి. మాట రాని మనిషికి టాబ్లెట్ మీద బొమ్మలతో చెప్పే హక్కు కోసం పోరాడినవాళ్ళలో మాట్లాడగలిగిన ఆటిస్టిక్ కార్యకర్తలు కూడా ఉన్నారు. డాక్టరు కాగితం లేకుండానే తమకు ఆటిజం ఉందని చెప్పుకునేవాళ్ళ మీద విసుగు మరో విమర్శ. పెద్దవాళ్ళను పరీక్షించే నిపుణులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉన్న చోట ఆ కాగితం అడగడం న్యాయం కాదన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్ ఉంది. 1984లో అక్కడ ఏర్పడిన జాతీయ సంస్థే దేశమంతా ఆటిజం సర్టిఫికెట్‌కు వాడే భారతీయ కొలమానాన్ని తయారుచేసింది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, డెబ్బై, ఆపైన వస్తే ఆటిజం. పక్కనుంచి గమనించీ, తల్లిదండ్రులను అడిగీ వేసే మార్కులవి. ముప్పై ఏళ్ళపాటు దాచుకోవడం నేర్చిన మనిషి, తల్లిదండ్రులు లేని మనిషి, ఆ నలభైలో ఎక్కడ దొరుకుతారు? హైదరాబాద్ కూడా ఒక కేంద్రంగా ఐదు చోట్ల జరిగి 2018లో వచ్చిన, ఇలాంటి తీరులు ఎందరిలో ఉన్నాయని చూసిన పెద్ద అధ్యయనం తొమ్మిదేళ్ళలోపు పిల్లల దగ్గరే ఆగింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాల్లో ఆటిజాన్నీ, అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. దానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నందున మందుల షాపుల్లో అంత సులువుగా దొరకదు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి పరీక్షలో గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం ఇస్తారు. అతనే ఉద్యోగంలో చేరితే రిపోర్టు రాయడానికి అదనపు పూట అడగాలని ఎవరికీ తోచదు. అడిగే హక్కు మాత్రం ఉంది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021లో సుప్రీంకోర్టు, సర్దుబాటు మనిషి మనిషికీ వేరుగా ఉంటుందనీ, సర్టిఫికెట్‌లో నలభై శాతం లేదని లేఖకుణ్ణి కాదనడం కుదరదనీ చెప్పింది.

చట్టం తర్వాత మిగిలేది చుట్టాలు. తెలుగింట్లో సమూహమంటే బంధువర్గమే, దానికి బయట మరొకటి ఉండాలన్న ఆలోచనే తక్కువ. పూర్వం ఉమ్మడి కుటుంబాల్లో, పల్లెల్లో ఇలాంటి మనిషికి ఏదో ఒక పని, ఏదో ఒక అరుగు దొరికేవి. లెక్కలు తప్పు లేకుండా చెప్పేవాడని, పశువులు అతని మాట వింటాయని పేరుండేది. ఆ ఆదరణ నిజమే. అయితే అది ఆ ఇంటి ఆస్తినిబట్టి, కులాన్నిబట్టి ఉండేది, ఆడమనిషి విషయంలో ఎప్పుడైనా తెగిపోయేది. అతని పేరుకు ముందు ఒక ఎగతాళి మాట శాశ్వతంగా అతుక్కునేది. ఇప్పుడు ఆ అరుగు కూడా లేదు. ఉన్నది అపార్టుమెంటు, ఓపెన్ ఆఫీసు, వారానికోసారి టీమ్ మీటింగు. సమస్య ఉందని చెబితే పెళ్ళి చేస్తే సర్దుకుంటుందంటారు, పెళ్ళయ్యాక పిల్లలు పుడితే సర్దుకుంటుందంటారు. చెల్లెలి సంబంధం చెడిపోతుందని డాక్టరు కాగితాన్ని బీరువాలో దాచిన ఇళ్ళు తక్కువేమీ లేవు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి తన గురించి సిగ్గు లేకుండా మాట్లాడే చోటు ఇంటి బయటే దొరకాలి.

ఆ చోటు తెలుగులో ఉండాలి. బెంగళూరు, ముంబయి, హైదరాబాద్ నగరాల్లో ఇలాంటి పెద్దవాళ్ళు కలుసుకునే చోట్ల ఎక్కువగా ఇంగ్లీషే వినిపిస్తుంది. ఇంగ్లీషు రాని గుంటూరు ఎలక్ట్రీషియన్‌కూ, కరీంనగర్‌లో ఇంటిపట్టున ఉన్న గృహిణికీ ఆ గుమ్మం దాటడం కష్టం. ఒక ఊళ్ళో నలుగురు చాలు. ట్యూబులైటు తీసేసి మెత్తని దీపం పెట్టిన గది, మాట్లాడాలన్న నిర్బంధం లేకపోవడం, ఏమేం జరుగుతుందో ముందే రాసి పంపడం, మధ్యలో లేచి వెళితే ఎవరూ ఏమీ అనుకోకపోవడం, ఫొటోలు తీయకపోవడం చాలు. ఆట్రీట్ వాళ్ళు ముప్పై ఏళ్ళ క్రితం ఇంతకంటే పెద్దగా ఏమీ చేయలేదు. ఒక జిల్లా గ్రంథాలయం ఆదివారం మధ్యాహ్నం ఒక గది ఇస్తే ఖర్చు కూడా ఉండదు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాకొక స్థానిక కమిటీ ఉంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పెద్దవాళ్ళకు సంరక్షకులను నియమించేది ఆ కమిటీయే. తల్లిదండ్రుల తర్వాత ఎవరన్న ప్రశ్నకు చట్టం చూపే దారి అదే. అందులో కలెక్టరు స్థాయి అధికారి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి ఉండాలి. ఆ మూడో కుర్చీలో మన జిల్లాలో ఎవరు కూర్చున్నారో కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకోవచ్చు. ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్ళలో ఒక్కరినైనా ఆ కుర్చీకి పిలవాలని అర్జీ పెట్టడానికి నలుగురున్న ఆదివారం గుంపు సరిపోతుంది.